తాత తప్పిన పరీక్ష: డిమెన్షియాను ఏ భాషలో గుర్తించాలి?

మనం పరీక్షలు రాసేవాళ్లం. ప్రశ్నపత్రం అనువాదంలో ఒక్క మాట అటూఇటూ అయితే ఎంత నష్టమో మనకు వేరే చెప్పనక్కర్లేదు. 2014లో సీశాట్ మీద ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో అభ్యర్థులు రోడ్డెక్కినప్పుడు వాళ్ల ప్రధాన ఫిర్యాదుల్లో అనువాదం ఒకటి. మరుసటి ఏడాది ఆ పేపర్‌ను అర్హత పేపర్‌గా మార్చారు. 33 శాతం వస్తే చాలన్నారు. భాష తెలియకపోవడాన్ని తెలివి లేకపోవడంగా లెక్కకట్టొద్దన్నది అప్పటి వాదన.

ఆ వాదన మనకు వర్తిస్తే, 74 ఏళ్ల మనిషికి ఎందుకు వర్తించదు? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ఒకే ఇంట్లో రెండు తప్పులు

మాది సూరత్‌లోని లింబాయత్. తాతది సిరిసిల్ల దగ్గరి పల్లె. 1980లలో సాంచాల మీద పని కోసం సూరత్ వచ్చాడు. ఆంధ్ర మిత్రుల కోసం చెప్తున్నా, సాంచె అంటే మరమగ్గం. ముప్పై ఏళ్లకు పైగా ఆ సాంచాల నడుమ నిలబడి పనిచేశాడు. ఇంట్లో తెలుగు, కార్ఖానాలో హిందీ, బజార్లో అవసరానికి నాలుగు ముక్కల గుజరాతీ. చదువు రెండో తరగతి.

రెండేళ్ల కింద తాతకు మాట అందడం తగ్గింది. ఒకటి అడిగితే ఇంకోటి చెప్పేవాడు. ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. పేరు అనవసరం. అక్కడి డాక్టర్ మంచివాడే, కానీ బయట లైను పెద్దది. మాస్కు వెనక నుంచి హిందీలో ప్రశ్నలు అడిగారు. ఇది ఏ ఋతువు? ఏ జిల్లా? నూరులోంచి ఏడు తీసేస్తూ పోండి. ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకుని మళ్లీ చెప్పండి. తాత నా మొహం చూశాడు. "ఏమంటుండు బిడ్డా?" అన్నాడు. నేను చెప్పబోతే, సాయం చేయొద్దన్నారు. 30కి 17 వచ్చాయి. చీటీ మీద డిమెన్షియా అని రాశారు.

ఆ చీటీతో మా ఇంటి వాతావరణమే మారిపోయింది. తాత చేతికి డబ్బులివ్వడం మానేశాం. ఒంటరిగా బయటికి పోనివ్వలేదు. ఆయన మాట్లాడటం ఇంకా తగ్గింది. ఆర్నెల్ల తర్వాత బంధువుల పెళ్లికి తెలంగాణ వచ్చినప్పుడు హైదరాబాద్‌లో మళ్లీ చూపించాం. అక్కడ ముందు చెవులు పరీక్షించారు. రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయి. రక్తపరీక్షలో విటమిన్ బి12 చాలా తక్కువగా ఉంది. ప్రశ్నలన్నీ తెలుగులో, గట్టిగా, నిదానంగా అడిగారు. తాత చాలావాటికి జవాబు చెప్పాడు. ఇప్పుడు చెవికి మిషను ఉంది, ఇంజెక్షన్లు అయ్యాయి. కిరాణా లెక్క మళ్లీ ఆయనే చూస్తున్నాడు.

రెండో తప్పు నాయనమ్మది. ఆమెను ఎవరూ ఏ పరీక్షకూ తీసుకెళ్లలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. ఇరవై ఏళ్లుగా గుజరాతీలో బేరమాడిన కూరగాయలామెతో తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టింది. డబ్బులు దొంగిలించావని అమ్మను తిట్టేది. మేమంతా "చాదస్తం" అన్నాం. మన భాషలో ఆ మాట ఎంత తేలికో! ఒక జబ్బును మూడేళ్లపాటు దాచేసింది. తాత కోసం హైదరాబాద్ వెళ్లినప్పుడే, డాక్టరు "మరి ఈమె సంగతేంటి?" అని అడిగితే గానీ మాకు తట్టలేదు. నాయనమ్మది అల్జీమర్స్.

లేని మనిషికి ఉందన్నారు. ఉన్న మనిషికి లేదనుకున్నాం. మా ఇంటి కథలో వింతేమీ లేదు. మన దేశంలో డిమెన్షియా నిర్ధారణ ఎక్కడెక్కడ జారిపోతుందో ఈ రెండు తప్పులూ చూపిస్తాయి.

ముందు లెక్కలు

డిమెన్షియా అనేది ఒక్క జబ్బు పేరు కాదు. జ్ఞాపకం, ఆలోచన, భాష, దిశ తెలియడం వంటి శక్తులు రోజువారీ బతుకును అడ్డుకునేంతగా తగ్గిపోయే స్థితి. దానికి అతి ఎక్కువగా కారణమయ్యేది అల్జీమర్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో 5.5 కోట్ల మందికి పైగా దీనితో బతుకుతున్నారు. ఏటా దాదాపు కోటి కొత్త కేసులు వస్తున్నాయి. బాధితుల్లో 60 శాతానికి పైగా అల్ప, మధ్య ఆదాయ దేశాల వాళ్లే.

మన దేశానికి నమ్మదగిన అంచనా లాసీ-డాడ్ అధ్యయనం నుంచి వచ్చింది. 60 ఏళ్లు దాటిన 4,096 మందిని పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రకటించారు. 60 దాటినవారిలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని తేలింది. 2010లో ఏఆర్‌డీఎస్‌ఐ నివేదిక చెప్పిన అంకె 37 లక్షలు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, పట్టణాలకంటే పల్లెల్లో ఎక్కువ. 2036 నాటికి ఈ సంఖ్య 1.69 కోట్లకు చేరవచ్చని అంచనా.

88 లక్షలు అన్న అంకెను మెయిన్స్‌లో రాయడం తేలిక. ఇందులో ఎంతమంది చేతిలో సరైన చీటీ ఉంది, ఎంతమందిని ఇంట్లోవాళ్లు "చాదస్తం" అని వదిలేశారు అన్నది అసలు ప్రశ్న.

పరీక్ష ఎవరి కోసం తయారైంది?

ప్రపంచమంతటా ఎక్కువగా వాడిన జ్ఞాపకశక్తి పరీక్ష 1975లో అమెరికాలో తయారైన ఎంఎంఎస్‌ఈ. 30 మార్కులు, పది నిమిషాలు. అందులో చదవాలి, ఒక వాక్యం రాయాలి, బొమ్మ గీయాలి, తీసివేతలు చేయాలి. బడి మొహం చూసినవాడికి ఇవి మామూలు విషయాలు. బడికి పోనివాడికి ఇది జ్ఞాపకశక్తి పరీక్ష కాదు, చదువు పరీక్ష.

దీన్ని మనవాళ్లు ఎప్పుడో గమనించారు. హరియాణాలోని బల్లబ్‌గఢ్ ప్రాంతంలో ఒక ఇండో-అమెరికన్ పరిశోధన బృందం చదువులేని పల్లె వృద్ధుల కోసం హిందీలో ఈ పరీక్షను తిరగరాసి 1995లో ప్రచురించింది. అక్షరాలను వెనక నుంచి చెప్పమనే బదులు వారాల పేర్లను వెనక నుంచి చెప్పమన్నారు. వాక్యం రాయమనే బదులు "మీ ఇంటి గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. చిన్న మార్పులే. కానీ వాటి వల్ల పరీక్ష మనిషిని కొలవడం మొదలుపెట్టింది.

ఇంకో మైలురాయి కూడా మన నేల మీదే పడింది. 1998లో కొచ్చిలో జరిగిన సమావేశంలో 10/66 పరిశోధన బృందం ఏర్పడింది. డిమెన్షియా ఉన్నవారిలో 66 శాతం అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఉంటే, పరిశోధనలో వారి వాటా 10 శాతం కూడా లేదన్నది ఆ పేరుకు అర్థం. చెన్నై, వెల్లూరు కూడా ఆ బృందం పనిచేసిన చోట్లే. వాళ్ల పద్ధతిలో మనం నేర్చుకోవాల్సిన కీలకం ఒకటుంది. వృద్ధుణ్ని అడగడంతో ఆగరు, ఆయన్ని బాగా ఎరిగిన మనిషినీ అడుగుతారు. "ముందు చేసిన పని ఇప్పుడు చేయలేకపోతున్నారా? తెలిసిన దారి తప్పుతున్నారా? డబ్బు లెక్క పోతోందా?" మా నాయనమ్మ గురించి ఈ మూడు ప్రశ్నలు అమ్మను ఎవరైనా అడిగి ఉంటే, జవాబు మూడేళ్ల ముందే దొరికేది.

ఇక తెలుగు సంగతి. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో తయారైన న్యూరో కాగ్నిటివ్ టూల్ బాక్స్ మొదటగా 5 భాషల్లో వచ్చింది. హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళం. అంటే తెలుగులో పరీక్షించే పనిముట్టు మన దేశం చేతిలో ఉంది. హైదరాబాద్ నిమ్స్ వంటి సంస్థలు దాన్ని తయారుచేయడంలో పాలుపంచుకున్నాయి. కానీ ఆ పనిముట్టు తెలుగు రాష్ట్రాల పెద్దాసుపత్రుల్లో ఉంటే, తెలుగు ముసలివాళ్లు సూరత్, భివండీ, షోలాపూర్‌లలో ఉన్నారు. సూరత్ మగ్గాల మీద ఎక్కువగా కనిపించే ఒడియా వాళ్ల భాష ఆ మొదటి ఐదింటిలో లేదు. గుజరాతీ కూడా లేదు. వలస వెళ్లిన మనిషితో పాటు ఆయన పరీక్ష వలస వెళ్లలేదు.

ఎక్కువ భాషలు కాపాడతాయి, తప్పు భాష ముంచుతుంది

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 2013లో నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి న్యూరాలజీ పత్రికలో ఒక ఫలితం ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవారికంటే రెండు అంతకుమించిన భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడికే పోని వారిలోనూ ఈ తేడా కనిపించింది. అంటే ఇది చదువు వల్ల వచ్చిన లాభం మాత్రమే కాదు. ఉర్దూ, తెలుగు, హిందీ కలిసి ప్రవహించే హైదరాబాద్ వీధులే ఈ పరిశోధనకు ప్రయోగశాల అయ్యాయి. ప్రపంచమంతటా ఈ అధ్యయనాన్ని ఉదాహరిస్తారు. భాషల వల్లే ఆలస్యమైందా, వేరే కారణాలున్నాయా అన్న చర్చ నేటికీ నడుస్తోంది. ఆ జాగ్రత్త మనమూ పాటించాలి.

సూరత్ తెలుగు కార్మికుడు రోజుకు మూడు భాషల్లో బతుకుతాడు. ఆ బతుకు ఆయన మెదడుకు కొంత బలమిచ్చి ఉండొచ్చు. కానీ జబ్బంటూ వచ్చాక తరచూ ముందు జారిపోయేది తర్వాత నేర్చుకున్న భాషే. తల్లి భాష చివరిదాకా అంటిపెట్టుకుని ఉంటుంది. నాయనమ్మ గుజరాతీ మర్చిపోవడం మాకు తమాషాగా అనిపించింది. అది ఒక లక్షణమని మాకెవరూ చెప్పలేదు. అలాంటి మనిషిని రెండో భాషలో పరీక్షిస్తే జబ్బు ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. మూడో భాషలో సంరక్షణ ఇస్తే ఆ మనిషికి ఆకలేస్తోందని కూడా ఎవరికీ తెలియదు.

మగ్గం చప్పుడు మెదడు దాకా

2024లో లాన్సెట్ కమిషన్ నివేదిక 14 ముప్పు కారణాలను లెక్కించింది. వాటిని పూర్తిగా తొలగించగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. చదువు తక్కువ కావడం, వినికిడి లోపం, అధిక రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, అతిగా మద్యం, ఊబకాయం, వ్యాయామం లేకపోవడం, కుంగుబాటు, ఒంటరితనం, తలకు గాయాలు, వాయు కాలుష్యం, చూపు తగ్గడం. ఈ జాబితాను ఒకసారి మరమగ్గాల కార్మికుడి పక్కన పెట్టి చదవండి. చిన్నప్పుడే బడి మానేసినవాడు, సాంచాల హోరులో చెవులు పోగొట్టుకున్నవాడు, నూలు ధూళిలో ఊపిరి తీసినవాడు, కుటుంబాన్ని ఊళ్లో వదిలి ఒంటరిగా ఇరుకు గదిలో బతికినవాడు. ఎన్ని గళ్లు నిండుతున్నాయో చూడండి.

మన ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం 8 గంటల పనికి శబ్దం 90 డెసిబెళ్లు మించకూడదు. మరమగ్గాల షెడ్లలో తరచూ అది దాటుతుంది. చాలా షెడ్లలో షిఫ్టు 8 గంటలు కాదు, 12 గంటలు. చెవిలో పెట్టుకునే ప్లగ్గు ధర ఒక పూట టీ ఖర్చుకు మించదు. తాత తన జీవితంలో ఒక్కసారి కూడా అది చూడలేదన్నాడు. "దూది పెట్టుకునేటోళ్లం బిడ్డా, అదీ యాదికుంటే" అన్నాడు.

వినికిడి మిషను పెడితే డిమెన్షియా ఆగిపోతుందని కూడా రాయకండి, అది అతిశయోక్తి. 2023లో వెలువడిన అచీవ్ ప్రయోగంలో 977 మందిని మూడేళ్లు గమనించారు. మొత్తం మీద చూస్తే తేడా కనిపించలేదు. అయితే ముప్పు ఎక్కువగా ఉన్న వృద్ధుల వర్గంలో మాత్రం ఆలోచనాశక్తి క్షీణత 48 శాతం తగ్గింది. మన కార్మికులు ఏ వర్గానికి దగ్గరో ఊహించడం కష్టం కాదు. ఎలాగూ వినికిడి సరిచేయడం వల్ల పోయేదేమీ లేదు. కనీసం డాక్టర్ అడిగిన ప్రశ్న అయినా వినపడుతుంది.

అంటే డిమెన్షియాను ఆరోగ్య శాఖ ఒక్కటే చూస్తే చాలదు. కార్మిక శాఖ ఈ రోజు షెడ్డులో చప్పుడు కొలవకపోతే, ఇరవై ఏళ్ల తర్వాత ఆ బిల్లు ఆరోగ్య శాఖకు, అంతకంటే ముందు ఒక కోడలికి వస్తుంది.

మందులు వచ్చాయి కదా?

ఈ ప్రశ్న ఇంటర్వ్యూలో రావచ్చు. 1990ల నుంచి వాడుతున్న డోనెపెజిల్ వంటి మందులు లక్షణాలను కొంతకాలం తగ్గిస్తాయి, జబ్బును ఆపవు. కొత్త తరానికి చెందిన లెకానెమాబ్‌కు 2023లో, డొనానెమాబ్‌కు 2024లో అమెరికా ఔషధ సంస్థ పూర్తి అనుమతి ఇచ్చింది. ఇవి మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను తొలగిస్తాయి. 18 నెలల ప్రయోగంలో లెకానెమాబ్ క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది. సైన్స్‌కు ఇది పెద్ద అడుగే. కానీ తొలి దశలో ఉన్నవారికే పనికొస్తుంది. మెదడులో వాపు, రక్తస్రావం ముప్పు ఉంది కాబట్టి పదేపదే ఎమ్ఆర్ఐ తీయాలి. అమెరికాలో విడుదల చేసినప్పుడు దాని ధర ఏడాదికి 26,500 డాలర్లు. 2025 మే నెలలో అల్జీమర్స్ నిర్ధారణకు తోడ్పడే రక్తపరీక్షకు కూడా అక్కడ అనుమతి వచ్చింది. ఇది చవకై మన దాకా వస్తే నిర్ధారణ తీరే మారుతుంది.

ఈ పరిశోధన జరగాలి, మన దేశంలోనూ జరగాలి. ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని, తెలుగు మాట బాగా వినిపించే కోలార్ జిల్లా శ్రీనివాసపురలో బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 45 ఏళ్లు దాటిన పల్లెవాసులను ఏళ్ల తరబడి గమనిస్తోంది. 10 వేల మందిని చేర్చుకోవాలన్నది దాని లక్ష్యం. అయితే తొలి దశలోనే వాడాల్సిన మందు, మూడేళ్లు చాదస్తమని సరిపెట్టుకున్న ఇంటికి ఎలా అందుతుంది? సరైన సమయంలో, సరైన భాషలో గుర్తించడం ముందు జరగాలి. మందు దాని తర్వాతి మెట్టు.

ఇంకో మాట. బి12 లోపం, థైరాయిడ్ లోపం, కుంగుబాటు, తలలో రక్తం గడ్డకట్టడం వంటివి డిమెన్షియాలా కనిపించగలవు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. కాబట్టి మొదటి పరిశోధన ఏమిటంటే, చీటీ రాసే ముందు ఇవన్నీ చూడటం.

అమ్మ జీతం ఎవరు ఇవ్వాలి?

మా అమ్మ ఇంట్లోనే చీరలకు లేసు కుట్టేది, రాళ్లు అంటించేది. సూరత్‌లో మాలాంటి వేల ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని అది. పీసుకు ఇంత అని ఇస్తారు. నాయనమ్మ రాత్రిళ్లు లేచి "మా ఊరికి పోతా" అని తలుపు తీయడం మొదలుపెట్టాక అమ్మ ఆ పని మానేసింది. ఆ నష్టం ఏ లెక్కలోనూ లేదు. జీడీపీలో కనిపించని సంరక్షణ శ్రమ గురించి జీఎస్ పేపర్‌లో మనం రాసే పేరాకు మా ఇంట్లో ఒక పేరు ఉంది.

దీనికి జవాబు కూడా మన దేశంలోనే దొరికింది. 2008లో గోవాలో జరిగిన ప్రయోగం ఫలితాలు వచ్చాయి. రెండు తాలూకాల్లో 81 కుటుంబాలు. డాక్టర్లు కాని, స్థానిక భాష తెలిసిన మామూలు మనుషులకు స్వల్ప శిక్షణ ఇచ్చి ఇంటి సంరక్షణ సలహాదారులుగా పంపారు. వాళ్లు ఇంటికి వెళ్లి జబ్బు అంటే ఏమిటో చెప్పారు, కోపాన్ని, అనుమానాన్ని ఎలా ఎదుర్కోవాలో నేర్పారు, అవసరమైనప్పుడు డాక్టర్‌కు కలిపారు. ఆరు నెలల్లో సంరక్షకుల మానసిక ఒత్తిడి గణనీయంగా తగ్గింది. రోగి స్థితిలో స్పష్టమైన మార్పు రుజువు కాలేదు, అది కూడా ఒప్పుకోవాలి. కానీ చూసుకునే మనిషి కుప్పకూలకుండా ఉంటే రోగికి అంతకన్నా పెద్ద మందేముంది?

ఇలాంటి దారిలో ముందు నడిచిన రాష్ట్రం కేరళ. 1992లో అక్కడే పుట్టిన ఏఆర్‌డీఎస్‌ఐతో కలిసి ప్రభుత్వం డిమెన్షియా మీద రాష్ట్రస్థాయి కార్యక్రమం చేపట్టింది. దాన్ని మనం ఉదాహరణగా రాయొచ్చు.

చట్టం ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తి, దిశాజ్ఞానం దెబ్బతినడం కూడా ఉంది. కాబట్టి డిమెన్షియా దాని పరిధిలోకి వస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో పార్కిన్సన్స్‌కు పేరు ఉంది, డిమెన్షియాకు విడిగా పేరు లేదు. 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం పిల్లల బాధ్యత చెబుతుంది, ఆ బాధ్యత మోసే పిల్లలకు తోడు ఎవరో చెప్పదు. 2024 అక్టోబర్ నుంచి 70 ఏళ్లు దాటిన అందరికీ ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల రూపాయల రక్షణ వచ్చింది. మంచి నిర్ణయమే. కానీ అది ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొస్తుంది. డిమెన్షియా జీవితమంతా ఇంట్లో గడుస్తుంది.

నా అభిప్రాయంలో చేయాల్సినవి నాలుగు. వృద్ధుడి మాతృభాషలో, దగ్గరి మనిషిని కూడా అడిగి, చెవి, కన్ను, బి12, థైరాయిడ్ చూడకుండా డిమెన్షియా అని రాయకూడదన్న నియమం ఒకటి. స్థానికంగా ఆ భాష వచ్చినవారు లేకపోతే వీడియో ద్వారా వేరే రాష్ట్రంలోని నిపుణులు పరీక్షించే ఏర్పాటు రెండోది. 14416 టెలీ మానస్ ఇప్పటికే 20 భాషల్లో మాట్లాడుతోంది, కాబట్టి దారి కొత్తది కాదు. గోవా తరహాలో శిక్షణ పొందిన ఇంటి సలహాదారులు, చూసుకునేవారికి వారంలో కొన్ని గంటల విరామం మూడోది. మగ్గాల షెడ్లలో శబ్దం కొలత, ఏడాదికోసారి చెవి పరీక్ష నాలుగోది. రేషన్ కార్డును దేశమంతా చెల్లేలా చేయగలిగినప్పుడు, జ్ఞాపకశక్తి పరీక్షను చేయలేమా?

ఎదురు వాదన

క్షయ, పోషకాహార లోపం, తల్లీబిడ్డల మరణాలు ఇంకా ఉండగా ముసలివాళ్ల మతిమరుపుకు డబ్బు ఎక్కడిదని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను అడుగుతున్న నాలుగింటిలో ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. వినికిడి, రక్తపోటు, మధుమేహం, చదువు మీద పెట్టే ప్రతి రూపాయీ మిగతా జబ్బులకూ పనికొస్తుంది. పైగా తప్పు చీటీ కూడా ఖర్చే. లేని జబ్బుకు మందు, ఉన్న జబ్బుకు ఆలస్యం.

ఇన్ని భాషల దేశంలో అందరికీ వాళ్ల భాషలో ఎలా అని రెండో ప్రశ్న. సూరత్ నగరపాలక సంస్థే తన ప్రాథమిక బడుల్లో తెలుగు మాధ్యమం కూడా నడుపుతోంది. మనవడికి తెలుగులో పాఠం చెప్పగలిగిన నగరం తాతను తెలుగులో పది ప్రశ్నలు అడగలేదా?

సూరత్ ఒకసారి చేసి చూపించింది

1994 సెప్టెంబర్‌లో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ వదిలి పారిపోయారు. మా బాపు చెప్తుంటాడు, మా గల్లీలో సగం తలుపులకు తాళాలే ఉన్నాయని. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను "ఏసీ నుంచి డీసీకి" రమ్మన్నారు. అంటే చల్లటి గదుల్లోంచి రోజువారీ పనుల్లోకి. జోన్లకు అధికారాలిచ్చారు, రోజూ వీధుల్లో తిరిగారు, జ్వరాల మీద ఇంటింటి నిఘా పెట్టారు. కొత్త మందు కనిపెట్టి సూరత్ బాగుపడలేదు. అధికారి గడప దాకా వెళ్లాడు, అంతే. పరిపాలన పాఠాల్లో మనం ఆ కథను చదువుకుంటూనే ఉన్నాం.

జ్వరం ఉందా అని అడగడానికి గడప దాకా వెళ్లిన వ్యవస్థ, "మీ ఇంట్లో పెద్దవాళ్లు తెలిసిన దారి తప్పుతున్నారా?" అని అడగడానికి కూడా వెళ్లగలదు. ఆ ఇంటి భాషలో అడగడం మాత్రం మర్చిపోకూడదు.

నిన్న రాత్రి కూడా నాయనమ్మ లేచి తలుపు దగ్గర నిలబడింది. ఊరికి పోతానంది. హైదరాబాద్‌లో చెప్పినట్టు అమ్మ ఇప్పుడు వాదించడం లేదు. "పొద్దున బస్సుంది అత్తమ్మా, ఇప్పుడు పండుకో" అంది. నాయనమ్మ నమ్మి పడుకుంది. ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి మా ఇంటికి మూడేళ్లు పట్టింది. మనలో ఎవరో ఒకరు రేపు ఏదో జిల్లాలో కుర్చీలో కూర్చుంటారు. ఇంకో ఇంటికి అది మొదటి నెలలోనే తెలిసేలా చేయడం ఆ కుర్చీ పని.

సాధన ప్రశ్న: "వృద్ధుల ఆరోగ్య సంరక్షణలో భాష, వలస, శ్రమ అనే మూడు అంశాలను విడదీసి చూడలేము." డిమెన్షియాను ఉదాహరణగా తీసుకుని చర్చించండి. (250 పదాలు)